యాంటీవైరస్‌కూ విండోస్‌కూ పేచీ: చేవెళ్ల, మొయినాబాద్ దారిలో కంప్యూటర్ల చరిత్ర

కంప్యూటర్‌లో విండోస్‌ను పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మార్చేటప్పుడు అప్పటికే అందులో ఉన్న యాంటీవైరస్ అడ్డం తిరగడం విండోస్ 95 నాటి నుంచీ ఉన్న రోగం. ఇన్‌స్టలేషన్ సగంలో హ్యాంగ్ అవుతుంది. లేదా అంతా సవ్యంగా పూర్తయినట్టే కనిపించి, రీస్టార్ట్ చేయగానే బ్లూ స్క్రీన్ వస్తుంది. కొన్నిసార్లు సిస్టమ్ ఆన్ అవుతుంది గానీ నెట్ రాదు, ప్రింటర్ కనబడదు, ఒక ఫోల్డర్ తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంది. బాగుచేసే మనిషి ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: యాంటీవైరస్ ఏది వేశారు?

ఈ పేచీకి మూలం యాంటీవైరస్ పనిచేసే చోటులోనే ఉంది. ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాం, పాటలు వినిపించే ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్ పైన నడుస్తాయి. తమకు ఏం కావాలన్నా దాన్ని అడిగి తీసుకుంటాయి. యాంటీవైరస్ కూడా అలా పైనే కూర్చుంటే దానివల్ల ప్రయోజనం లేదు. ఏ ఫైలు తెరిచినా, ఏ ప్రోగ్రాం మొదలైనా అది ముందు తన కంట పడాలి. అందుకని తన డ్రైవర్‌ను సిస్టమ్ లోలోపల ఉండే కెర్నెల్‌లోకి దించుతుంది. కొత్త విండోస్ వేసేటప్పుడు వేల సిస్టమ్ ఫైళ్లు మారిపోతాయి. సెటప్ ప్రోగ్రాం బూట్ రికార్డు మీద చెయ్యి వేస్తుంది, రిజిస్ట్రీని కొత్త పద్ధతిలో సర్దుతుంది. వైరస్ చేసే పనులు కూడా ఇవే కాబట్టి కాపలా ఉన్న ప్రోగ్రాం ఊరుకోదు. ఒకవేళ ఊరుకున్నా, పాత కెర్నెల్ లెక్కలు నమ్మి రాసిన డ్రైవర్ కొత్త కెర్నెల్‌లో తప్పటడుగు వేయవచ్చు. కెర్నెల్‌లో తప్పు జరిగితే ఆ ఒక్క ప్రోగ్రాం మూతపడి సరిపోదు, మొత్తం యంత్రం ఆగుతుంది. ఇక ఒకే కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు ఉండటం ఒకే తూముకు ఇద్దరు నీరటివాళ్లను పెట్టడం వంటిది. ఒకరు తెరిచినదాన్ని మరొకరు మూస్తుంటారు.

ఈ పేచీ పల్లెదారుల్లో ఎలా నడిచిందో చూడాలంటే ముందు అక్కడికి కంప్యూటర్లు ఎలా చేరాయో తెలియాలి. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు మీద ముందు మొయినాబాద్, తర్వాత చేవెళ్ల వస్తాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996 మార్చి 8న వచ్చిన జీవో 111, వాటి పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకూ పెద్ద కట్టడాలకూ అడ్డు వేసింది. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు ఆ పరిధిలోకి వచ్చాయి. ఫ్యాక్టరీలు రాని ఈ నేలకు ఇంజినీరింగ్ కాలేజీలు వచ్చాయి. గండిపేటలో సీబీఐటీ 1979 నుంచే ఉంది, 1997లో ఎంజీఐటీ తోడైంది. 1998లో అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి, యెంకపల్లిలో జేబీ కాలేజీ మొదలయ్యాయి. ఆ జీవోకూ ఈ కట్టడాలకూ ఎలా పొసగిందన్నది వేరే చర్చ. ఈ రోడ్డు పక్క ఊళ్లలో కంప్యూటర్లు పదుల సంఖ్యలో ఒకే గదిలోకి చేరడం మాత్రం కాలేజీ ల్యాబులతోనే సాధ్యమైంది. అదే 1998 నవంబర్ 4న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కార్డ్ ప్రాజెక్టును ప్రారంభించింది. దస్తావేజుల లెక్కలు కంప్యూటర్ల మీదికి మారడం అప్పటి నుంచే. మైక్రోసాఫ్ట్ తన భారతీయ అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో తెరిచిందీ ఆ సంవత్సరమే. 

ఆ ల్యాబుల తొలినాళ్లు విండోస్ 95, 98ల కాలం. పీసీ వైరస్‌లకు అప్పటికే పన్నెండేళ్ల వయసు. పీసీల్లో వ్యాపించిన తొలి వైరస్‌గా చెప్పే 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో పుట్టి, ఫ్లాపీ బూట్ సెక్టార్‌లో దాక్కుని తిరిగింది. అందుకే ఆనాటి కాపలా అంతా బూట్ సెక్టార్ చుట్టూ ఉండేది. చాలా మదర్‌బోర్డుల బయాస్‌లో 'వైరస్ వార్నింగ్' అనే మీట ఉండేది. బూట్ రికార్డు మీద ఎవరు రాయబోయినా అది ఆపి అడిగేది. విండోస్ 95 సెటప్ చేయాల్సిన పనుల్లో ఒకటి సరిగ్గా అదే కావడంతో, ఆ మీట ఆన్‌లో ఉన్న సిస్టమ్‌లలో ఇన్‌స్టలేషన్ నిలిచిపోయేది. బయాస్‌లోకి వెళ్లి ఆ వార్నింగ్ తీసేసి, విండోస్ వేసి, మళ్లీ పెట్టుకోవాలని మైక్రోసాఫ్ట్ సూచించింది. డాస్‌లో మెమరీలో ఉండిపోయే యాంటీవైరస్‌లదీ ఇదే తీరు. మైక్రోసాఫ్ట్ 1993లో డాస్ 6తో పాటు తానే ఇచ్చిన వీసేఫ్ కూడా ఆ కోవలోదే.

ఆ రోజుల్లో యాంటీవైరస్ లేకుండా ఉండటమూ కుదిరేది కాదు. తైవాన్ విద్యార్థి రాసిన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న ఒక్కసారిగా మేల్కొని హార్డ్ డిస్కుల్లోని సమాచారాన్నీ, కొన్ని మదర్‌బోర్డుల్లో బయాస్‌నూ తుడిచేసింది. బాగా దెబ్బతిన్న దేశాల్లో భారత్ ఒకటి. బయాస్ పోయిన యంత్రానికి ఫార్మాట్ కూడా పనికిరాదు, చిప్పు మార్చాల్సిందే. మన దేశంలో యాంటీవైరస్ వ్యాపారం స్థిరపడింది ఆ దశాబ్దంలోనే. చెన్నైలో కే7 కంప్యూటింగ్ 1991లో మొదలైంది. పుణేలో కైలాష్ కాట్కర్ నడిపిన మరమ్మతుల వ్యాపారం నుంచి క్విక్ హీల్ పుట్టింది. రిపేరుకు వచ్చే మెషిన్లలో వైరస్‌లు చూసి చూసి మందు తయారుచేసిన కథ అది. చిన్న ఊళ్ల దుకాణదారులకు ఆ డబ్బా అంత దగ్గర కావడానికి ఈ పుట్టుక కూడా ఒక కారణం కావచ్చు.

అసలు చీలిక విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. 2001 అక్టోబర్ 25న విడుదలైన ఎక్స్‌పీ పైకి 98కి తమ్ముడిలా కనిపించినా లోపల దాని వంశమే వేరు. 95, 98లు డాస్ మీద కట్టినవి, ఎక్స్‌పీ ఎన్‌టీ కెర్నెల్ మీద కట్టింది. 98 కోసం రాసిన యాంటీవైరస్ డ్రైవర్లు అందులో నడవవు. 98 మీదే ఎక్స్‌పీ వేయాలంటే ముందు యాంటీవైరస్ తీసేయడం తప్పనిసరి అయింది. ఎక్స్‌పీ సెటప్ తనకు సరిపడని ప్రోగ్రాంల జాబితాను ముందే చూపించేది. అందులో యాంటీవైరస్ పేర్లు తరచూ కనిపించేవి.

అయితే ఈ గొడవను చేవెళ్ల, మొయినాబాద్ వంటి చోట్ల చాలామంది చూడనే లేదు. కారణం అప్‌గ్రేడ్ అనే పని ఇక్కడ జరగకపోవడమే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరి నోటా సీటీసీలో, విడిభాగాలు కొని అసెంబుల్ చేయించిన సిస్టమ్‌కు లైసెన్స్ ఉన్న విండోస్ ఉండటం అరుదు. కొత్త వెర్షన్ కావాలన్నా, సిస్టమ్ స్లో అయినా, వైరస్ పట్టినా మందు ఒక్కటే. సీపీయూ పట్టుకెళ్లి ఫార్మాట్ కొట్టించడం. ఫొటోలూ పాటలూ డీ డ్రైవ్‌లోకి నెట్టి, సీ డ్రైవ్ తుడిచి, విండోస్, మదర్‌బోర్డు సీడీ, ఆఫీస్, యాంటీవైరస్ వరుసగా వేసేవారు. పాత యాంటీవైరస్ డ్రైవర్ తాలూకు ఆనవాలే మిగలదు కాబట్టి తగవే లేదు. పాత యాంటీవైరస్ తీసేశాకే కొత్త విండోస్ వేయాలన్న నియమాన్ని ఇక్కడి టెక్నీషియన్లు ఎవరూ చెప్పకుండానే పాటించారు.

దీనికి చెల్లించిన మూల్యం వేరే చోట తేలింది. 2005 నుంచి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చే ముందు విండోస్ అసలుదా నకిలీదా అని తనిఖీ చేయడం మొదలుపెట్టింది. 'జెన్యూన్ కాదు' అన్న మాట తెర మీద కనబడకుండా చాలామంది ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆపేశారు. ప్యాచ్‌లు లేని విండోస్ మీద యాంటీవైరస్ ఒక్కటే మిగిలింది. అదీ చాలాసార్లు క్రాక్ చేసినదో, గడువు తీరిన ట్రయల్‌దో. నకిలీ విండోస్‌ను యాక్టివేట్ చేసే చిన్న ప్రోగ్రాంను యాంటీవైరస్ పట్టుకునేది కాబట్టి ముందు దాన్ని ఆఫ్ చేసి, యాక్టివేట్ చేసి, మళ్లీ ఆన్ చేయడం ఒక ఆచారంగా మారింది. ఇంతలో పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. ఫోల్డర్ బొమ్మ వేసుకుని 'న్యూ ఫోల్డర్' పేరుతో దాక్కునే వైరస్ కాలేజీ ల్యాబుకూ ఇంటర్నెట్ సెంటర్‌కూ జిరాక్స్ షాపుకూ మధ్య తిరుగుతూ ఉండేది. ప్రాజెక్టు రిపోర్టు ప్రింట్ తీయించుకోవడానికి వెళ్లిన విద్యార్థి దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే ప్రోగ్రాం నడిచే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ నుంచి అప్‌డేట్ ద్వారా తొలగించింది 2011 ఫిబ్రవరిలో. అప్‌డేట్స్ ఆపుకున్న మెషిన్లకు ఆ మేలు అందలేదు.

అసలైన విండోస్ వాడి, బుద్ధిగా అప్‌డేట్ చేసుకున్నవాళ్లకూ సుఖం లేదు. 2008 మేలో ఎక్స్‌పీ మూడో సర్వీస్ ప్యాక్ వచ్చింది. నార్టన్ ఉన్న అనేక కంప్యూటర్లలో దాన్ని వేయగానే డివైస్ మేనేజర్ ఖాళీ అయిపోయింది, నెట్‌వర్క్ కనెక్షన్లు మాయమయ్యాయి. రిజిస్ట్రీలో వేల సంఖ్యలో చెత్త పద్దులు చేరాయి. నార్టన్ తయారీదారు సిమాంటెక్ మొదట తప్పంతా సర్వీస్ ప్యాక్‌లోని ఒక చిన్న ప్రోగ్రాందే అంది. తర్వాత తన సిమ్‌ప్రొటెక్ట్ అనే కాపలా సదుపాయానికి కూడా అందులో పాత్ర ఉందని ఒప్పుకుంది. నార్టన్ తాలూకు రిజిస్ట్రీ పద్దులను ఎవరూ ముట్టుకోకుండా చూడటం దాని పని. సర్వీస్ ప్యాక్ రిజిస్ట్రీని సర్దబోతే అది చెయ్యి పట్టుకుంది. ఈ పేచీ స్వభావం ఇంత విప్పి చూపిన సంఘటన మరొకటి లేదు. రెండూ తమ తమ పని సరిగ్గా చేశాయి, మధ్యలో కంప్యూటర్ పోయింది.

రెండేళ్లకు, 2010 ఏప్రిల్ 21న, మెకాఫీ పంపిన 5958 నంబరు అప్‌డేట్ అదే సర్వీస్ ప్యాక్‌లోని ఎస్‌వీసీహోస్ట్ ఫైలును వైరస్‌గా పొరబడింది. అది విండోస్‌కు ప్రాణం లాంటి ఫైలు. ప్రపంచమంతటా ఆఫీసుల్లో కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతూనే ఉండిపోయాయి. అప్పుడు మెకాఫీలో సాంకేతిక విభాగానికి అధిపతి జార్జ్ కర్ట్జ్. ఈ పేరు పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ వినిపిస్తుంది.

ఈలోగా మైక్రోసాఫ్ట్ కెర్నెల్‌కు తలుపులు వేయడం మొదలుపెట్టింది. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టా 64 బిట్ వెర్షన్‌లో ప్యాచ్‌గార్డ్ అనే ఏర్పాటు ఉంది. కెర్నెల్‌లోని కీలక భాగాలను బయటివారు మారిస్తే అది సిస్టమ్‌ను ఆపేస్తుంది. యాంటీవైరస్ కంపెనీలు అప్పటిదాకా బతికింది ఆ మార్పుల మీదే. 2006లో సిమాంటెక్, మెకాఫీ బహిరంగంగా తగువుకు దిగాయి. మెకాఫీ అయితే లండన్ ఫైనాన్షియల్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ తలుపు తెరవలేదు గానీ అధికారికంగా వచ్చే దారులను చూపింది. ఫైళ్ల మీద నిఘా వేసే డ్రైవర్లకు ఒక్కొక్కదానికీ వరుసలో ఒక సంఖ్య కేటాయించింది. యాంటీవైరస్‌లకు 3,20,000 నుంచి మొదలయ్యే సంఖ్యలు దక్కాయి. ఎవరి తర్వాత ఎవరు ఫైలును చూడాలో దీంతో తేలింది. 2009 అక్టోబర్ 22న విండోస్ 7 వచ్చేసరికి బ్లూ స్క్రీన్‌లు తగ్గడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఇంజినీరింగ్ కాలేజీల్లో మాత్రం విండోస్ 7 మరో తలనొప్పి తెచ్చింది. ఫస్టియర్ సీ ప్రోగ్రామింగ్ ల్యాబు అంతా డాస్ కాలపు టర్బో సీ మీద నడిచేది. 64 బిట్ విండోస్‌లో ఆ పదహారు బిట్ల ప్రోగ్రాం నడవదు. డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపించుకోవాల్సి వచ్చింది. ఆధునిక కంపైలర్లకు మారినవారికి ఇంకో చిక్కు ఎదురైంది. ప్రపంచంలో అంతకుముందు ఎవరూ చూడని ప్రోగ్రాం కనబడితే అవాస్ట్ వంటి యాంటీవైరస్‌లు అనుమానంతో ఆపేస్తాయి. విద్యార్థి అప్పుడే కంపైల్ చేసిన 'హలో వరల్డ్' కూడా ఆ నిర్వచనం ప్రకారం అనుమానితుడే.

2012 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 8లో మైక్రోసాఫ్ట్ తన సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను పూర్తిస్థాయిలో కలిపేసింది. మరో యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ తప్పుకుంటుంది, దాన్ని తీసేస్తే తిరిగి వస్తుంది. ఇద్దరి మధ్య తగవు రాకుండా తానే ఒక అడుగు వెనక్కి వేసే ఏర్పాటు ఇది. కొత్త ల్యాప్‌టాప్‌లతో ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్ గడువు తీరినా తీసేయక, దాని మీదే దుకాణంలో కొన్న మరొకటి వేయించుకునే అలవాటుకు మాత్రం ఈ ఏర్పాటు మందు కాలేదు. కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేసినా కొన్ని యాంటీవైరస్‌ల డ్రైవర్లు అడుగున మిగిలిపోతాయి. అందుకే నార్టన్, మెకాఫీ, కాస్పర్‌స్కీ, అవాస్ట్ సంస్థలన్నీ తమ సరుకును తుడిచేయడానికి ప్రత్యేకంగా రిమూవల్ టూల్స్ విడుదల చేశాయి. తమ ప్రోగ్రాం మామూలుగా పోదని తయారీదారులే ఒప్పుకున్నట్టు లెక్క.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది.   2011 నవంబర్ 4న మొదలైన మీసేవ అప్పటికి మండల కేంద్రాల్లో నిత్యావసరంగా మారింది. కుల, ఆదాయ సర్టిఫికెట్లకు రోజంతా జనం నిలబడే కౌంటర్‌లో సిస్టమ్ ఆగితే జరిగే నష్టం ఇంట్లో సిస్టమ్ ఆగినట్టు కాదు. అక్కడ ఫార్మాట్ కూడా తేలిక కాదు. స్కానర్, ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్రల యంత్రం, వీటి డ్రైవర్లన్నీ మళ్లీ వరుసగా వేయాలి. నడుస్తున్నదాన్ని కదపకుండా ఉంచడమే మేలనే ధోరణి ఇలాంటి చోట్లే బలపడింది. యాంటీవైరస్ ఉంది కదా అన్న ధీమా దానికి తోడైంది.

2015 జూలై 29న వచ్చిన విండోస్ 10ను ఒక ఏడాది పాటు ఉచితంగా ఇవ్వడంతో పద్ధతి తిరగబడింది. అప్‌గ్రేడ్ అనేది సీడీలో, దుకాణంలో కాకుండా నెట్ మీదుగా, యజమాని పక్కన లేనప్పుడు కూడా జరగడం మొదలైంది. ఆపైన కొన్నేళ్ల పాటు ఏడాదికి రెండుసార్లు పెద్ద అప్‌డేట్ వచ్చేది. ఏళ్ల తరబడి ఫార్మాట్ చాటున దాక్కున్న తగవు చేవెళ్లలోనూ మొయినాబాద్‌లోనూ ఇళ్లలోకి వచ్చిందంటే ఈ మలుపు వల్లే. మైక్రోసాఫ్ట్ దీనికి ఒక విరుగుడు పెట్టింది. అప్‌గ్రేడ్ సమయంలో సరిపడని యాంటీవైరస్ ఉంటే పక్కన పెట్టి డిఫెండర్‌ను నిలబెట్టడం. కాస్పర్‌స్కీకి ఇది అన్యాయంగా తోచింది. 2016 నవంబర్‌లో రష్యా పోటీ నియంత్రణ సంస్థకు, 2017 జూన్‌లో యూరోపియన్ యూనియన్‌కు ఫిర్యాదు చేసింది. తాజా అప్‌డేట్‌కు సిద్ధమైన విండోస్ 10 పీసీల్లో దాదాపు 95 శాతంలో సరిపడే యాంటీవైరస్ ఉందని, మిగిలినవాటిలోనే తాత్కాలికంగా ఆపామని మైక్రోసాఫ్ట్ జవాబిచ్చింది. ఆ ఆగస్టులో, యాంటీవైరస్ కంపెనీలకు ముందుగా పరీక్షించుకునే గడువు పెంచడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్నాక, కాస్పర్‌స్కీ ఫిర్యాదులు వెనక్కి తీసుకుంది.

అప్‌డేట్స్ ఆపుకుని యాంటీవైరస్‌నే నమ్ముకోవడం ఎంత ప్రమాదమో 2017 మే 12న వనాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ తేల్చింది. దాన్ని ఆపే ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. వేసుకోనివారు దొరికిపోయారు. వారిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని యూనిట్ల కంప్యూటర్లు ఉన్నాయి. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల సర్వర్ల మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగి వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ సేవలు ఆగాయి. వాటిలో చేవెళ్ల ప్రాంతానికి కరెంటు ఇచ్చే దక్షిణ తెలంగాణ సంస్థ కూడా ఉంది.

ప్యాచ్‌లు వేసుకున్నవారికి ఎదురైన కష్టం 2018 జనవరిలో కనబడింది. ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్ అనే లోపం బయటపడగా, మైక్రోసాఫ్ట్ జనవరి 3న ప్యాచ్ విడుదల చేసింది. కొన్ని యాంటీవైరస్‌లు కెర్నెల్ మెమరీని అనుమతి లేని దారిలో చేరుతున్నాయి కాబట్టి ఆ ప్యాచ్‌తో బ్లూ స్క్రీన్ వచ్చే ముప్పు ఉంది. అందుకని, తాము సరిపడతామని యాంటీవైరస్ రిజిస్ట్రీలో ఒక గుర్తు పెడితే తప్ప ప్యాచ్ రాదన్నారు. గుర్తు పెట్టని పాత యాంటీవైరస్ ఉన్న కంప్యూటర్‌కు ఆ ఒక్క ప్యాచే కాదు, ఆపై నెలల ప్యాచ్‌లూ ఆగిపోయాయి. భద్రత కోసం వేసిన ప్రోగ్రామే భద్రతను ఆపింది. ఈ నిబంధనను విండోస్ 10కు మార్చిలో, పాత వెర్షన్లకు ఏప్రిల్‌లో ఎత్తేశారు. 2019 ఏప్రిల్ 9 అప్‌డేట్ సోఫోస్, అవాస్ట్, అవీరా, మెకాఫీ ఉన్న కొన్ని కంప్యూటర్లను స్టార్టప్‌లోనే స్తంభింపజేసింది. ఆ ఏడాది చివర్లో పాత అవాస్ట్, ఏవీజీ ఉన్న మెషిన్లకు విండోస్ 10 కొత్త అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ తానే నిలిపేసింది.

ఇక 2024 జూలై 19. అప్‌గ్రేడ్ ఏదీ లేకుండానే, క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక చిన్న ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను బ్లూ స్క్రీన్‌లోకి నెట్టింది. ఆ కంపెనీని 2011లో స్థాపించినవారిలో ఒకరు, అప్పటి అధిపతి, జార్జ్ కర్ట్జ్. మొయినాబాద్‌కు దగ్గర్లోని శంషాబాద్ విమానాశ్రయంలో విమానాలు రద్దయ్యాయి, ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. యాంటీవైరస్ కెర్నెల్‌లో కూర్చోవడం అవసరమా అన్న ప్రశ్న, 2006లో కంపెనీల మధ్య తగువుగా నడిచినది, ఆ రోజుతో మళ్లీ ముందుకొచ్చింది. భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నెల్ బయటి నుంచి నడిపే కొత్త ఏర్పాటును ఆయా కంపెనీలకు పరీక్షకు ఇస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2025 జూన్‌లో ప్రకటించింది.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్పు కావాలి. అది లేని పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లకు అధికారికంగా దారి లేదు. దారి ఉన్నవాటికి వరుస పాతదే: డేటా వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి, బయటి యాంటీవైరస్‌ను దాని సొంత రిమూవల్ టూల్‌తో తీసేసి రీస్టార్ట్ చేయాలి, విండోస్ 11 వేయాలి, ఆ తర్వాతే యాంటీవైరస్ తాజా వెర్షన్ దించుకోవాలి. మధ్యలో ఉన్నంతసేపూ డిఫెండర్ కాపలా ఉంటుంది. ఇళ్లలో వాడే మామూలు సిస్టమ్‌కు ఆ తర్వాత కూడా అదే సరిపోతుంది.